ఫొటోకు ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో మోడలింగ్ ఫొటోషూట్లకు వెళ్లే మన ఆడపిల్లలకు మేం చెప్పేదొక్కటే: ఫొటో తీయడానికి ఒప్పుకోవడం వేరు, బయటపెట్టడానికి ఒప్పుకోవడం వేరు. చట్టమూ అదే అంటోంది. మహిళ ఏకాంత చిత్రాన్ని ఆమె ఇష్టంతోనే తీసినా, అనుమతి లేకుండా ఇతరులకు పంపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం.

బట్టలు, చోటు, డబ్బులు, ఫొటోల వాడకం ముందే రాయించుకోవాలి. తోడు తీసుకెళ్లాలి. అడ్వాన్స్ తీసుకున్నా, వద్దనిపిస్తే ఆపేయవచ్చు.

బెదిరిస్తే మెసేజులు చెరపొద్దు. 181కి, ఆన్‌లైన్ వేధింపులైతే 1930కి ఫోన్ చేయాలి. షూట్ మిర్యాలగూడలో జరిగినా కోదాడలో జీరో ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. దళిత మహిళని తెలిసీ ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి లైంగికంగా తాకితే అట్రాసిటీ చట్టమూ వర్తిస్తుంది. సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. ఫిర్యాదులో ఇద్దరి కులమూ రాయించడం మరవొద్దు.