సముద్ర జీవులకు సముద్రమే ఇల్లు - అక్వేరియం ప్రియులు తెలుసుకోవలసిన నిబంధనలు

విశాఖపట్నం: ఇంటి ముందుగదిలో అద్దాల తొట్టె, అందులో ఈదులాడే రంగురంగుల చేపలు కంటికి ఇంపైన దృశ్యం. మంచినీటి చేపలతో పాటు ఉప్పునీటి అక్వేరియంల పట్ల కూడా పట్టణాలలో ఆసక్తి కనిపిస్తున్నది. అయితే సముద్రం నుంచి పట్టి తెచ్చిన ప్రతి జీవినీ ఇంట ఉంచుకొనుటకు చట్టం అనుమతించదు. ముచ్చటపడి తెచ్చిన ఒక్క జీవి జైలు శిక్షకు దారితీయగలదు.

పట్టరాని జీవులు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అడవి మృగాలకే పరిమితం కాదు. 2001లో పలు సముద్ర జీవులను ఈ చట్టం పరిధిలోకి తెచ్చారు. సముద్రపు గుర్రాలు, పైపు చేపలు, దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర దోసకాయలు, కొన్ని జాతుల శంఖాలు, ఆల్చిప్పలు ఇందులో ఉన్నాయి. 2022 నాటి సవరణతో జాబితాలను పునర్వ్యవస్థీకరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

చట్టం దృష్టిలో వేట అనగా చంపడం మాత్రమే కాదు. ప్రాణాలతో పట్టుకొనడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటయే. 1వ షెడ్యూలులోని జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 సంవత్సరాల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా విధిస్తారు. నేరానికి వాడిన పడవలు, వాహనాలను సైతం స్వాధీనం చేసుకొనే అధికారం ఉన్నది.

ఎందుకీ కట్టడి?

సముద్రపు గుర్రానికి జీర్ణాశయం ఉండదు. అందుచేత అది దాదాపు ఎడతెగకుండా తింటూనే ఉండాలి. ఇంటి తొట్టెలో తగిన ఆహారం అందక ఆకలితో మరణిస్తుంది. వీటిలో గుడ్లను సంచిలో మోసేది మగది. దానిని పట్టితే పిల్లలు కూడా పోయినట్లే. బండరాయి వలె కనిపించే పగడపు దిబ్బ సాధారణంగా ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగదు. క్షణంలో విరిచిన ముక్క తిరిగి పెరుగుటకు ఏళ్ళు పడుతుంది.

చేయదగినది ఏమిటి?

క్లౌన్ చేప వంటివి రక్షిత జాబితాలో లేవు. వాటిని హేచరీలలో పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. కనుక హేచరీలో పుట్టిన చేపలనే రశీదుతో కొనడం మేలు. అభయారణ్యాలు, సముద్ర జాతీయ ఉద్యానవనాల పరిధిలో మాత్రం జాబితాతో నిమిత్తం లేకుండా అనుమతి లేనిదే ఏ జీవినీ తీసుకొనరాదు. అంతర్జాతీయ ఒప్పందం కింద 4వ షెడ్యూలులో చేర్చిన విదేశీ జీవులను పెంచేవారు 2024 నాటి నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

వలలో సముద్రపు గుర్రం ప్రాణాలతో చిక్కినచో మత్స్యకారులు వెంటనే నీటిలో విడిచిపెట్టాలి. పెంచలేక విసిగిన తొట్టె చేపలను సముద్రంలో వదలరాదు. వాటి వెంట వ్యాధులు వ్యాపించగలవు. రక్షిత జీవులను విక్రయిస్తున్నట్లు తెలిసినచో సమీప అటవీ శాఖ కార్యాలయానికి తెలియజేసి, కడలి సంపదను భావితరాలకు భద్రంగా అందించుటకు ప్రజలు సహకరించవలసి ఉన్నది.