తులసిదళం (నవల)

తులసిదళం యండమూరి వీరేంద్రనాథ్ వ్రాసిన తెలుగు నవల. ఇది మొదట ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడి విశేష పాఠకాదరణ పొందింది. తెలుగులో క్షుద్రవిద్యల నేపథ్యం గల నవలల వెల్లువకు ఇది నాంది పలికిందని చెప్పవచ్చు. దీని కొనసాగింపు "తులసి".

కథాంశం

శ్రీధర్, శారద దంపతులకు చాలాకాలానికి కలిగిన కుమార్తె తులసి. ఆమెకు చెందవలసిన ఆస్తిపై కన్నేసినవారు ఆమెను అంతం చేయడానికి ఒక మాంత్రికుని ఆశ్రయిస్తారు. అతడు "కాష్మోరా" అనే ప్రయోగం చేస్తాడు. ఆరోగ్యంగా ఉన్న పాప అంతుపట్టని బాధలతో క్షీణిస్తుంది. హత్యాయత్నమే అయినా ఆయుధం కనిపించదు. హంతకుడు దగ్గరకు రాడు. కథలోని ఉత్కంఠకు ఇదే మూలం.

వైద్యమా, మంత్రమా?

తులసి స్థితిని వైద్యులు మానసిక శాస్త్రం ద్వారా వివరించబోతారు. తీవ్రమైన మానసిక ఒత్తిడి పిల్లలలో నొప్పులు, మూర్ఛలు, అవయవాలు చచ్చుబడటం వంటి శారీరక లక్షణాలుగా బయటపడవచ్చునని మనోవైద్యులు గుర్తించారు. పిల్లలు కావాలని నటించడం కాదిది. పెద్దల భయం పిల్లల లక్షణాలను మరింత పెంచగలదు. కనుక చికిత్సలో కుటుంబానికి ధైర్యం చెప్పడం కూడా భాగమే.

నవలలో వైద్యుల ప్రయత్నం, మంత్రప్రయోగాన్ని ఎదుర్కొనే ప్రయత్నం సమాంతరంగా సాగుతాయి. తులసి బ్రతుకుతుంది. ఏది ఆమెను కాపాడిందన్న నిర్ణయం పాఠకునిదే. విలియం పీటర్ బ్లాటీ 1971లో ప్రచురించిన ఆంగ్ల నవల "ది ఎక్సార్సిస్ట్"లోనూ ఒక బాలిక వ్యాధిని మొదట వైద్యులు పరీక్షిస్తారు. అక్కడ చివరకు భారం మతాచార్యులపై పడుతుంది.

విమర్శ

వృత్తిరీత్యా వైద్యుడైన రచయిత కొమ్మూరి వేణుగోపాలరావు ఈ నవలకు ముందుమాట వ్రాశారు. నవల మూఢనమ్మకాలను పెంచుతుందని, దానికి వైద్యుని సమర్థన మరింత హాని చేస్తుందని రంగనాయకమ్మ "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అనే విమర్శలో ఖండించారు. ఈ వివాదం న్యాయస్థానం వరకు వెళ్ళింది.

ఈ విమర్శకు సామాజిక నేపథ్యం ఉంది. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో తెలుగు గ్రామాలలో మనుషులను కొట్టడం, చంపడం జరిగాయి. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం తరువాత విజయవాడకు మారి, ఇటువంటి నమ్మకాలకు వ్యతిరేకంగా ప్రచారం చేసింది. నవలలో అనుమానం ఉత్కంఠను పెంచుతుంది. ఊరిలో అదే అనుమానం ఒక నిరపరాధి ప్రాణం తీయగలదు.

చలనచిత్రాలు

ఈ నవల ఆధారంగా 1985లో కన్నడంలో "తులసీదళ" చిత్రం వచ్చింది. "తులసి" ఆధారంగా 1986లో తెలుగులో "కాష్మోరా" చిత్రం వచ్చింది. ఇందులో రాజేంద్రప్రసాద్, భానుప్రియ నటించారు.