నాదము వేరు, రొద వేరు

సాయంకాలము ఏడు గంటలు. మేము నివసించు అపార్ట్‌మెంటులో మూడవ అంతస్తున ఇంజనీరింగు చదువుచున్న ఒక కుఱ్ఱవాడు ఎలక్ట్రిక్ గిటారును వాల్వు యాంప్లిఫయరునకు తగిలించి సాధన ఆరంభించును. సరిగా ఆ యింటి క్రిందనే ఒక విశ్రాంత ఉపాధ్యాయుని కాపురము. ఆయన భార్యకు రాత్రులు నిద్రపట్టదు. ఆ వేళకే ఆమె ఒకింత కునుకు తీయును. నెల తిరుగకముందే రెండిండ్ల నడుమ మాటలు నిలిచిపోయినవి. ఒకనాడు మాస్టారు మెట్ల మీద మమ్ములను ఆపి, "రేడియోలో పనిచేసేవారు మీరు. ఆ డబ్బా గొంతు తగ్గించే ఉపాయమేదైనా ఉంటే వాడికి చెప్పకూడదుటండీ?" అని అడిగిరి. కుఱ్ఱవానిని అడుగగా, "తగ్గిస్తే అది గిటారులా ఉండదు బాబాయిగారూ, దోమ రొదలా ఉంటుంది" అనెను.

ఆ యిరువురి మాటలును నిజమే. మాస్టారికి వినబడునది రొద; కుఱ్ఱవానికి కావలసినది నాదము. ఈ రెండును ఒక్క పెట్టెనుండియే వచ్చుచున్నవి గాని, రెండును ఒకటి కావు. వీనిని ఎంతవరకు వేరుచేయవచ్చునో నేడు శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

వీణకు కుండ యున్నది. తీగ కంపనమును అది పెంచి గాలికి అందించును. గట్టి కొయ్యపలకతో చేసిన ఎలక్ట్రిక్ గిటారునకు అట్టి కుండ లేదు. దాని ఉక్కుతీగల క్రింద అయస్కాంతములును, వాని చుట్టును వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగయు ఉండును. దీనిని పికప్ అందురు. ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము మారి, రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఇది మన సంగీతమునకు క్రొత్త సంగతి కాదు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతములోని గమకములను పలికించినది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదనే.

ఆ స్వల్ప విద్యుత్తును పెంచి స్పీకరును కదలించుట యాంప్లిఫయరు పని. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ గాజుబుడ్డిలో మూడవ ధ్రువమును అమర్చి చేసిన సాధనమే తరువాతి వాల్వులకు మూలము. వేడెక్కిన కాథోడునుండి ఎలక్ట్రానులు వెలువడును. నడుమనున్న గ్రిడ్డు, కాలువకు తూము వలె, వాని ప్రవాహమును అదుపుచేయును. తూము తలుపు కొద్దిగా కదలినను కాలువలో నీరు ఎంతయో మారునట్లే, గ్రిడ్డుపై పడిన చిన్న మార్పు పెద్ద ప్రవాహమును మార్చును. మన పెద్దల యిండ్లలో స్విచ్చి వేసిన పిమ్మట కొంతసేపు వేడెక్కినగాని పలుకని రేడియోలలో వెలిగినవి ఈ వాల్వులే. ఐరోపా రేడియో సెట్లలో విరివిగా వాడిన ఇ.ఎల్.84 అను వాల్వే, పేరుపొందిన వాక్స్ ఏ.సి.30 గిటారు యాంప్లిఫయరులోను ఉన్నది. గిటారులకు ప్రసిద్ధుడైన లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తెరచినది రేడియోలు బాగుచేయు దుకాణము. కావున ఈ పెట్టె మన రేడియోకు తమ్ముడని చెప్పవచ్చును.

రేడియోలలో ట్రాన్సిస్టరు వచ్చి వాల్వును తొలగించినది. గిటారు వాదకులు మాత్రము దానిని విడువలేదు. ప్రసారము చేయు మావంటివారికి ధ్వని వికృతి పొందుట దోషము. శక్తికి మించిన పని పడినపుడు వాల్వు ధ్వని తరంగపు శిఖరములను క్రమముగా గుండ్రపరచును; అందువలన మూలస్వరముతోపాటు దాని అనుస్వరములును చేరి, నాదము చిక్కబడును. మాకు దోషమైనది గిటారునకు గుణమైనది. అయితే ఈ గుణములో కొంత మొదటి చిన్న వాల్వులలో పుట్టును. కొంత చివరి పెద్ద వాల్వులలోను, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులోను, స్పీకరులోను పుట్టును. చివరివి శ్రమపడవలెనన్న పెట్టె గట్టిగా మ్రోగక తప్పదు. కుఱ్ఱవాని ఫిర్యాదులోని సత్యమిదియే.

"అట్లయిన చిన్న పెట్టె కొనరాదా?" అని అడుగవచ్చును. ఇచట లెక్క మోసగించును. శక్తి పదిరెట్లు తగ్గినచో మన చెవికి ధ్వని రమారమి సగము మాత్రమే తగ్గినట్లు తోచును. 50 వాట్ల పెట్టెకు బదులు 5 వాట్లది తెచ్చినను రొద సగమైనదంతే. సాధారణమైన గిటారు స్పీకరు ఒక్క వాట్ శక్తితోనే, మీటరు దూరములో, దాదాపు 97 డెసిబెల్లుల ధ్వని నిచ్చును. దానిని 67కు దింపవలెనన్న వాట్‌లో వేయవ వంతు చాలును. మన దేశమున 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు 45 డెసిబెల్లులను హద్దుగా పెట్టినవి. ఇంటిలో సమస్య వాట్ల సమస్య కాదు, వాట్‌లో వంతుల సమస్య.

చెవి చేయు మాయ కూడ ఒకటి కలదు. ధ్వని తగ్గిన కొలదియు మన చెవికి మంద్రస్వరములు ముందుగా మరుగగునని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. "దోమ రొద"లో కొంత పెట్టె తప్పు కాదు, చెవి తీరు. మంద్రమును తెలుపు మీటను కొంచెము పెంచినచో లోపము సర్దుకొనును. కాని గోడలను సులభముగా దాటునవియు ఆ స్వరములే గనుక, మితము పాటింపవలెను.

ఇక ఉపాయములు. మొదటిది ఖర్చు లేనిది. పెట్టె మీద గెయిన్, మాస్టర్ అను రెండు మీటలున్నచో మొదటిదానిని పెంచి రెండవదానిని తగ్గింపవలెను. చిన్న వాల్వుల చిక్కదనము దక్కును. పెద్ద వాల్వులది మాత్రము దక్కదు.

రెండవది అటెన్యుయేటరు. ఇది యాంప్లిఫయరునకు, స్పీకరునకు నడుమ నిలిచి, శక్తిలో అధికభాగమును వేడిగా మార్చి, మిగిలిన కొంచెమును స్పీకరునకు పంపును. బోస్టన్ అను వాద్యబృందపు గిటారు వాదకుడు, ఇంజనీరు అయిన టామ్ షోల్జ్ 1980లో స్థాపించిన సంస్థ ఇట్టి సాధనమును ప్రచారములోనికి తెచ్చినది. దీని ఓములు, వాట్లు పెట్టెకు సరిపోవలెను. వాల్వులు పూర్తి శ్రమ పడుచునే యుండును గావున త్వరగా అరుగును.

మూడవది రాత్రివేళకు తగినది. స్పీకరు స్థానములో లోడ్ బాక్సు తగిలించి, స్పీకరు తీరును అనుకరించు సాధనము ద్వారా హెడ్‌ఫోనులతో వినుట. ఇరుగుపొరుగులకు తీగల చిటపటలు తప్ప మరేమియు వినబడదు. అయితే స్పీకరునుండి వచ్చి ఛాతీకి తాకు గాలి దీనిలో లేదు. ఆ నష్టమును దాచి చెప్పుట న్యాయము కాదు.

నాలుగవది పెట్టె స్థానము. మన నేలయే క్రిందివారి కప్పు. నేలపై పెట్టిన పెట్టె ఆ పలకను సూటిగా కదలించును. మందపాటి మెత్త పరచిన బల్లపై, స్పీకరు చెవికి ఎదురుగా నుండునట్లు పెట్టినచో అదురు తగ్గును. తక్కువ ధ్వనియే వాయించువానికి చాలును. తెరలు, తివాచీలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గించును గాని, మంద్రస్వరములను ఆపజాలవు.

మూడు హెచ్చరికలు. స్పీకరు గాని, తగిన లోడు గాని లేకుండ వాల్వు పెట్టెను ఎన్నడును వాయింపరాదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెడును. లోపల వందల వోల్టులుండును. స్విచ్చి తీసిన పిమ్మటను కెపాసిటర్లలో అవి నిలిచియుండవచ్చును గనుక తెలియనివారు మూత విప్పరాదు. అమెరికానుండి బంధువులు తెచ్చిన పెట్టె 120 వోల్టులది కావచ్చును. మన 230 వోల్టులకు తగిలించుటకు ముందు దాని వెనుకనున్న అంకెను చదువవలెను. తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడవలెను.

ఒక ఆదివారము మేము మాస్టారి యింట కూర్చుంటిమి. పైన కుఱ్ఱవాడు పెట్టెను మొదట నేలపైనను, పిదప బల్లపైనను ఉంచి, మాస్టర్ మీటను కొంచెము కొంచెముగా దింపుచు వాయించెను. మాస్టారు ఫోనులో "ఇంకా తగ్గించు బాబూ, ఇంకా" అనుచుండిరి. ఒకచోట, "ఇక చాలు, ఇప్పుడు మా ఫ్యాను చప్పుడే ఎక్కువగా ఉంది" అనిరి. కుఱ్ఱవాడు ఆ స్థానమున మీట ప్రక్కన పెన్సిలుతో గీత గీచెను. ఏడు మొదలు ఎనిమిది వరకు ఆ గీత దాటడు. ఎనిమిది తరువాత హెడ్‌ఫోనులే. తాను కోరిన నాదములో కొంత తగ్గినదని అతడు ఒప్పుకొనుచున్నాడు. తనకు ఇంకను సన్నగా వినబడుచునే యున్నదని మాస్టారును ఒప్పుకొనుచున్నారు. ఆమె మాత్రము నిద్రించుచున్నది.

సాధనములు కొనుటకు ముందు ఈ పరీక్ష చేయుడని మా మనవి. మన గదిలో ఎంత కొలిచినను, పొరుగింటి గదిలో కూర్చుండి వినినగాని అది రొదయో నాదమో తెలియదు.