కామెర్లూ – కమమోతో

ఈ ఏడు అంతర కళాశాలల పోటీలు పది రోజుల్లో ఉన్నాయనగా నాకు కామెర్లొచ్చాయి. మా టీమంతా బస్సెక్కి వెళ్లిపోయింది. నేను మజ్జిగన్నం తింటూ, అమ్మమ్మ ఇచ్చిన పసరు మింగుతూ మంచం పట్టాను. చూడ్డానికొచ్చిన మా ఫిజికల్ డైరెక్టరు గారు, “కమమోతోకీ ఇదే జబ్బురా!” అన్నారు. ఆయనెవరో నాకప్పటికి తెలీదు. తరువాత చదివి తెలుసుకున్నదే ఇది.

కునిషిగె కమమోతో 1944లో క్యోటోలో పుట్టాడు. వసేదా విశ్వవిద్యాలయ విద్యార్థిగానే 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆడాడు. అప్పటి జపాన్ మనకంటే గొప్ప జట్టేమీ కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్లు వాళ్లను 2-0తో ఓడించి, చివరికి బంగారు పతకమే తెచ్చారు. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు మన హైదరాబాదు రహీం సాహెబు. మరుసటేడే ఆయన పోయారు. జపాన్ వాళ్లు మాత్రం జర్మనీ నుంచి తెచ్చుకున్న దెత్మార్ క్రామర్ మాట విని, 1965లో దేశమంతటికీ కలిపి ఒక లీగు పెట్టుకున్నారు. అందులోవన్నీ కంపెనీల జట్లే. చదువయ్యాక కమమోతో చేరింది డీజిల్ ఇంజన్లు చేసే యాన్మార్‌లో.

1968 మొదట్లో అతన్ని శిక్షణకు పశ్చిమ జర్మనీలోని సార్‌బ్రూకెన్ పంపారు. బంతి ఆపడం, తిరగడం, కొట్టడం మనకు మూడు పనులు. అతను ఆ మూడింటినీ ఒకే కదలికలో చేసేవాడు. గోలుకు కుడిపక్కన, నలభై అయిదు డిగ్రీల కోణం నుంచి కుడికాలితో కొట్టే దెబ్బకు అతను పెట్టింది పేరు. (నేనూ ప్రయత్నించాను. బంతి హాస్టలు గోడకే ఎక్కువసార్లు తగిలింది.)

ఆ ఏడే మెక్సికో ఒలింపిక్స్. నైజీరియా మీద మూడు గోల్సు, ఫ్రాన్సు మీద రెండు. సెమీఫైనల్లో హంగరీ చేతిలో 5-0తో చిత్తయ్యారు. కాంస్యం కోసం ఆతిథ్య జట్టు మెక్సికోతో, వాళ్ల జనం మధ్యనే ఆడాల్సి వచ్చింది. జపాన్ 2-0తో గెలిచింది. రెండూ కమమోతోవే! మొత్తం ఏడు గోల్సుతో ఆ ఒలింపిక్స్‌లో అందరికన్నా మిన్న అతనే.

అతను యూరప్ వెళ్లి ఆడతాడన్న మాట వినిపిస్తున్న రోజుల్లో, 1969లో, హెపటైటిస్ పట్టుకుంది. ప్రపంచ కప్ అర్హత పోటీలకు అతను లేడు. జపాన్ నెగ్గలేదు. యూరప్ ప్రయాణమూ సాగలేదు. జర్మనీ పెద్ద లీగులో ఆడిన తొలి జపానీయుడన్న పేరు 1977లో ఒకుదెరాకు దక్కింది.

కమమోతో మళ్లీ లేచాడు. యాన్మార్‌కే ఆడి, లీగులో 251 ఆటల్లో 202 గోల్సు చేశాడు. ఏడుసార్లు అత్యధిక గోల్సు అతనివే. దేశం తరఫున 76 ఆటల్లో 75 గోల్సు! 1984లో అతని వీడ్కోలు ఆటకు పెలే కూడా వచ్చాడు. జపాన్ మొదటిసారి ప్రపంచ కప్ ఆడిన 1998 నాటికి అతనికి యాభై నాలుగేళ్లు. 2025 ఆగస్టులో, ఎనభై ఒకటో ఏట కన్నుమూశాడు.

నాకు ఇప్పుడిప్పుడే పరుగెత్తడానికి డాక్టరు గారు ఒప్పుకున్నారు. నా స్థానంలో ఫస్టియరు కుర్రాడొకడు ఆడుతున్నాడు. చెప్పొద్దూ, బాగానే ఆడుతున్నాడు.