నాన్నగారి పెట్టెలో తెల్ల ఏప్రన్

మా ముత్తాతగారు నెల్లూరు జిల్లా నుంచి వలస వచ్చిన నాటినుంచీ మాది చెన్నపట్నపు కాపురమే. మా నాన్నగారు ప్రజాపనుల శాఖలో ఓవర్సీరుగా పనిచేశారు. నెలకొక సాయంత్రం నల్లకోటు తొడుక్కుని, చిన్న తోలుపెట్టె పట్టుకుని ‘లాడ్జి’కి వెళ్ళేవారు. అక్కడేం చేస్తారని అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వే మా ఇంట్లో చిక్కు తెచ్చింది. వీధిపిల్లలు ఫ్రీమేసన్ల హాలును దయ్యాల బంగళా అనేవారు. అక్కడ పుర్రె పెడతారనీ, గొంతు కోస్తామని ప్రమాణం చేయిస్తారనీ చెప్పుకునేవారు. నాన్నగారు తిరిగివచ్చేదాకా అమ్మ దీపం ఆర్పకుండా మేలుకుని కూర్చునేది.

నాన్నగారు 2009లో పోయారు. కర్మకాండలయ్యాక పెట్టె తెరిచాం. నీలి అంచున్న తెల్లని గొర్రెతోలు ఏప్రన్, ఒక చిన్న పుస్తకం, దారంతో కట్టిన మనియార్డరు రసీదుల కట్ట ఉన్నాయి. చెంగల్పట్టు వైపు ఒక పల్లెలోని ఒక స్త్రీకి నెలనెలా డబ్బు పంపినట్టు రసీదులున్నాయి. మొదట పదిహేను రూపాయలు, తరవాత యాభై, చివరికి రెండువందలు. అమ్మ ఆ కట్టను చూసి ఏమీ అనలేదు. మూడురోజుల తరవాత, ‘‘ఆవిడెవరో కనుక్కోరా’’ అంది. అంతే.

వెళ్ళి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందు ఆ చిన్న పుస్తకం చదివాను. తరవాత దొరికిన పుస్తకాలన్నీ చదివాను. నేను ఫ్రీమేసన్‌ను కాను, కామర్సు చదివిన బ్యాంకు ఉద్యోగిని. నాకు అర్థమైనంత మేరకే చెబుతాను.

రాతిపని నుంచి నీతిపాఠం

ఈ సంఘం పిరమిడ్ల కాలం నాటిదని కొందరు గొప్పగా రాస్తారు. అంత దూరం పోనక్కరలేదు. లండన్‌లోని కొన్ని లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడిన తేదీగా సంప్రదాయంగా చెప్పేది 1717 జూన్ 24. మన దేశంలో 1730లో కలకత్తాలో తొలి లాడ్జి వెలిసింది. స్వతంత్రంగా భారత గ్రాండ్ లాడ్జి 1961 నవంబరు 24న ఏర్పడింది. వివేకానందస్వామి కూడా సన్యాసానికి ముందు, 1884లో, కలకత్తా లాడ్జిలో చేరినవారే. 1738లో పోప్ పన్నెండవ క్లెమెంటు కాథలిక్కులను ఇందులో చేరవద్దని నిషేధించారు. అంటే అనుమానపడినవాళ్ళు మా వీధిపిల్లలొక్కరే కాదన్నమాట!

ఆ తంతులో వాడే సామాన్లన్నీ తాపీమేస్త్రీ సామాన్లే. మూలమట్టం నడవడిలో వంకర ఉండరాదంటుంది. రసమట్టం మనుషులంతా సమానమంటుంది. తూకంగుండు నిటారుగా బతకమంటుంది. చెక్కని బండరాయి చేరిన కొత్తలోని మనిషి, నునుపుగా చెక్కిన రాయి అతను కావలసిన మనిషి. 24 అంగుళాల కొలబద్ద రోజులోని 24 గంటలకు గుర్తు. దైవానికింత, పనికీ విశ్రాంతికీ ఇంత, ఆపదలో ఉన్నవాడికింత అని పంచుకోమని అర్థం. మూడవ అంతస్తులో పెన్సిల్ కూడా ఒక పనిముట్టే. మన మాటా చేతా పైవాడు రాసుకుంటున్నాడని గుర్తుచేస్తుంది. చిత్రగుప్తుడి పద్దు తెలిసిన మనకిది కొత్తేమీ కాదు.

కథ చెప్పి, దాని అర్థం విప్పడం మనకూ ఉన్నదే. భాగవతం నాలుగవ స్కంధంలో నారదుడు ప్రాచీనబర్హికి పురంజనుడి కథ చెబుతాడు. తొమ్మిది ద్వారాల పట్టణం ఈ శరీరమనీ, పురంజనుడు జీవుడనీ ఆయనే విడమరుస్తాడు. ఆ పట్టణం ఏ దేశంలో ఉందని పటంలో వెతికేవాడు కథ వినలేదన్నమాటే.

లాడ్జిలో చెప్పే హీరాము కథా అటువంటిదే. బైబిలులో హీరాము తూరు నుంచి వచ్చి సొలొమోను ఆలయానికి ఇత్తడిపని చేసిన విధవరాలి కొడుకు. అక్కడ అతన్ని ఎవరూ చంపలేదు. లాడ్జి కథలో మాత్రం రహస్యపదం చెప్పమని ముగ్గురు పనివాళ్ళు నిలదీస్తారు. చెప్పనన్నందుకు చంపుతారు. ఇంగ్లీషు పద్ధతిలో తూకంగుండు కట్టే బద్దతో, రసమట్టంతో, పెద్ద సుత్తితో కొడతారు. నిటారుతనం నేర్పే సాధనమే హత్యకూ పనికివచ్చింది. సాధనంలో నీతి లేదు, పట్టుకున్న చేతిలో ఉంది. ముప్పై ఏళ్ళుగా లెడ్జర్లు చూస్తున్న నాకు ఈ మాట బాగా తెలుసు.

గొంతు కోసే మాట కూడా పూర్తిగా కల్పన కాదు. పాత ప్రమాణంలో అటువంటి శిక్షల ప్రస్తావన ఉండేది. దాన్ని అక్షరాలా తీసుకోకూడదన్నా లోకం తీసుకున్నది. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి 1986లో దాన్ని ప్రమాణంలోనుంచి తీసివేసింది.

ఖాళీ జేబు

నన్ను ఆపేసింది ఇంకొక ఘట్టం. కొత్తగా చేరేవాడి దగ్గర డబ్బూ, లోహపు వస్తువులూ ముందుగానే తీసి పక్కన పెడతారు. తరవాత అందరి ఎదుటా, పేదలకోసం ఏదైనా ఇవ్వమని అడుగుతారు. అతను తడబడతాడు. ఇద్దామన్నా దగ్గర చిల్లిగవ్వ లేదు. ఆ క్షణాన్ని మరచిపోవద్దనీ, ఆ స్థితిలో ఉన్నవాడు ఎప్పుడెదురైనా చేయి చాచమనీ అప్పుడు చెబుతారు. నాన్నగారి పుస్తకంలో ఆ పుట పక్కన పెన్సిలుతో సన్నని గీత ఉంది. పుస్తకం మొత్తంలో గీత ఉన్నది ఆ ఒక్కచోటే.

మరుసటి ఆదివారం చెంగల్పట్టు బస్సెక్కాను. ఆమె ముసలిది, కళ్ళు సరిగా కనపడవు. ఆమె భర్త తాపీమేస్త్రీ. 1978లో పరంజా మీదనుంచి జారిపడి పోయాడట. ఆ నెల ఓవర్సీరుగారు స్వయంగా వచ్చి డబ్బిచ్చారు, మళ్ళీ ఎప్పుడూ గడప తొక్కలేదు, డబ్బు మాత్రం ఏ నెలా ఆగలేదని అరవంలో చెప్పింది. ‘‘అయ్యకు ఒంట్లో బాగాలేదా? రెండు నెలలుగా రాలేదు’’ అని అడిగింది. నేను చెప్పవలసింది చెప్పాను.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘‘నాతో చెబితే నేను వద్దంటానా?’’ అంది. అది నిజం. ఆ ఒక్క విషయంలో నాన్నగారిది తప్పేనని నేనిప్పటికీ అనుకుంటాను. రహస్యమన్నది లాడ్జి గుర్తులకు సరిపోవచ్చు, భార్యాభర్తల మధ్య దానికి పనిలేదు. ఆ మౌనంవల్ల అమ్మ ఎన్ని రాత్రులు మేలుకుందో!

పాఠకులకు నా మనవి ఒక్కటే. మన పెద్దల పెట్టెల్లో మనకు అర్థంకాని వస్తువులుంటాయి. వాళ్ళుండగానే అడగండి. చెప్పవలసినవాళ్ళు కూడా నవ్వి ఊరుకోకండి.

ఏప్రన్‌ను అమ్మ ఉతికిన పంచెలో చుట్టి బీరువాలో పెట్టింది. మరుసటి నెల మొదటి తారీకున నేను బ్యాంకుకు బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, ‘‘ఆవిడకు పంపావట్రా?’’ అని అడిగింది.