సొరుగులో పడుకున్న ఫోన్లు

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో సర్దుడు మొదలవుతుంది. అల్మారా సొరుగు తెరిస్తే పాత రసీదులు, టీసీ నకళ్లు, వాటి కింద మూడు పాత సెల్‌ఫోన్లు. ఒకదాని తెర పగిలింది. ఒకదాని బ్యాటరీ ఉబ్బింది. మూడోది బాగానే ఉంది, కొత్తది కొన్నామని మూలన పడింది. "ఇవి తీసుకెళ్దామా, పారేద్దామా?" అని అమ్మ అడుగుతుంది. పిల్లలూ, ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఫోను వల్ల పర్యావరణానికి హాని అనగానే మనకు చార్జింగు గుర్తొస్తుంది. లెక్క వేసి చూద్దాం. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల విద్యుత్తు పడుతుంది. చార్జరులో వృథా అయ్యేది కలిపి 25 అనుకుందాం. రోజూ ఒకసారి పూర్తిగా నింపినా ఏడాదికి 9 యూనిట్లే. 75 వాట్ల ఫ్యాను ఐదు రోజులు ఆగకుండా తిరిగినా అంతే ఖర్చవుతుంది. పని అయ్యాక చార్జరు స్విచ్ ఆపడం మంచి అలవాటే, కానీ అసలు భారం అక్కడ లేదు.

అసలు భారం ఫోను తయారీలో ఉంది. రాగి, బంగారం, వెండి, కోబాల్టు, లిథియం వంటి లోహాల కోసం నేల తవ్వాలి, ఖనిజాన్ని కరిగించాలి, చిప్పులు తయారు చెయ్యాలి. ఒక ఫోను కారణంగా గాలిలో కలిసే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం మనం దాన్ని మొదటిసారి ఆన్ చెయ్యకముందే వెలువడుతుంది. రెండేళ్లకొకటి మారిస్తే ఎనిమిదేళ్లలో నాలుగు ఫోన్లు కావాలి. నాలుగేళ్లు వాడితే రెండు చాలు. తవ్వకమూ సగమే, పొగా సగమే.

ఈ తెలివి మన సూరత్‌లోని గోడాదరాకు కొత్త కాదు. ఇక్కడా, పక్కనున్న లింబాయత్‌లోనూ తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సాంచె ఆగిపోతే దాన్ని ఎవరూ పారెయ్యరు. అరిగిన భాగం మార్చి మళ్లీ నడిపిస్తారు. ఫోనుకూ అదే న్యాయం. బ్యాటరీ నీరసిస్తే బ్యాటరీ, తెర పగిలితే తెర మార్పిద్దాం. బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. దిండు కింద పెట్టి చార్జి చెయ్యకూడదు, ఎండలో ఆపిన కారులో వదలకూడదు.

బాగుచేయలేని ఫోను సంగతి? అందులోనూ విలువ ఉంది. 2020 టోక్యో ఒలింపిక్స్ కోసం జపాన్ ప్రజలు పాత ఎలక్ట్రానిక్ పరికరాలు ఇచ్చారు. వాటిలో సెల్‌ఫోన్లే సుమారు 62 లక్షలు. ఆ పరికరాల నుంచి 32 కిలోల బంగారం తీశారు. దాదాపు 5,000 పతకాలకు కావలసిన లోహమంతా అలాగే సమకూరింది.

కానీ ఆ పని సరైన చోట జరగాలి. మన దేశంలో చాలా ఈ-వ్యర్థాలు చిన్న చిన్న షెడ్లకు చేరతాయి. అక్కడ రాగి కోసం తీగలు కాలుస్తారు, బంగారం కోసం ఆమ్లాల్లో ముంచుతారు. ఆ పొగ పీల్చేది అక్కడ పనిచేసేవాళ్లూ, ఆ పక్కనే ఆడుకునే పిల్లలూ. మిగిలిన విషం నేలలో ఇంకుతుంది, వానలకు కొట్టుకుపోయి ఖాడీల్లో కలుస్తుంది. అందుకే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల రీసైక్లింగు బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. పాత ఫోన్లను నమోదైన రీసైక్లరుకు గానీ, కంపెనీల సేకరణ కేంద్రాలకు గానీ ఇవ్వాలి.

ఇప్పుడు అమ్మకు జవాబు చెప్పవచ్చు. బాగున్న ఫోనును డేటా చెరిపి, అవసరమైనవారికి ఇద్దాం. తెర పగిలినదాన్ని బాగుచేయిద్దాం. ఉబ్బిన బ్యాటరీ ఉన్నదాన్ని మాత్రం లారీలోకి ఎక్కించవద్దు. మన బదిలీలు ఎక్కువగా ఎండాకాలంలోనే. మూసిన లారీలో, ఆ వేడికి, సామాను ఒత్తిడికి అది అంటుకోవచ్చు. దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా, చార్జింగు పెట్టకుండా విడిగా ఉంచి, పెద్దల చేత సేకరణ కేంద్రానికి పంపుదాం. చెత్తబుట్టలో వేస్తే ఆ ప్రమాదం పారిశుద్ధ్య కార్మికుల చేతికి చేరుతుంది.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ ఆదివారమే సొరుగు తెరిచి, అమ్మానాన్నలతో కలిసి ఫోన్లను లెక్కపెట్టండి.