జ్ఞాన దంతం: భయం వద్దు, వాయిదా అసలే వద్దు

మన నోటిలోని 32 పళ్లలో అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేవి చివరి నాలుగు. పై దవడలో రెండు, కింది దవడలో రెండు. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య, అంటే మనిషికి కాస్త లోకజ్ఞానం వచ్చే వయసులో వస్తాయి గనుక వీటికి జ్ఞాన దంతాలని పేరు. కొందరికి నాలుగూ రావు. కొందరికి వచ్చినా ఏ ఇబ్బందీ పెట్టవు. ఇబ్బంది పెట్టినప్పుడు మాత్రం ఆ బాధ పడినవారికే తెలుసు. అన్నం నమలలేరు, నోరు తెరవలేరు, రాత్రి నిద్ర ఉండదు.

ఈ నొప్పితో దంత వైద్యుని దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే రెండు మూడుసార్లు మందుల షాపులో బిళ్లలు కొని మింగి, “తగ్గిందిలే” అని ఊరుకున్నవారే. ఎందుకు ఆలస్యం చేశారని అడిగితే ఎక్కువగా వినిపించే మాటలు రెండు. ఒకటి భయం, రెండోది డబ్బు. ఆ రెండిటి గురించి వివరంగా తెలుసుకుందాం.

పన్ను ఎందుకు ఇరుక్కుంటుంది?

జ్ఞాన దంతం వచ్చే వేళకు మిగిలిన పళ్లన్నీ తమ స్థానాల్లో కుదురుకొని ఉంటాయి. దవడలో చోటు చాలకపోతే చివరి పన్ను నిటారుగా రాలేక ముందు పన్ను వైపు వాలిపోతుంది, లేదా అడ్డంగా పడుకుంటుంది, లేదా ఎముకలోనే ఉండిపోతుంది. దీనినే డాక్టర్లు ‘ఇంపాక్షన్’ అంటారు.

సగం బయటికి వచ్చి ఆగిపోయిన పన్నుతో చిక్కు ఎక్కువ. దాని మీద చిగురు ఒక మూతలాగా ఉంటుంది. ఆ మూత కింద అన్నం మెతుకులు, కూర ముక్కలు చేరి కుళ్లుతాయి. అక్కడికి బ్రష్ అందదు. క్రిములు పెరిగి చిగురు వాచి చీము పడుతుంది, నోరు దుర్వాసన వస్తుంది, దవడ బిగుసుకుపోతుంది. బిళ్లలు వేసుకుంటే నాలుగు రోజులు తగ్గినట్లే ఉంటుంది. కాని పన్ను అక్కడే, మూత అక్కడే ఉంటాయి గనుక మళ్లీ వస్తుంది.

ప్రతి జ్ఞాన దంతమూ తీయించుకోవాలా?

అవసరం లేదు. ఏ బాధా, ఏ జబ్బూ లేని జ్ఞాన దంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయనవసరం లేదని బ్రిటన్‌లోని ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2000లోనే సూచించింది. ఈ విషయంలో అన్ని దేశాల వైద్యులదీ ఒకే మాట కాదు గాని, కారణం లేకుండా పన్ను తీయకూడదనే మాట అందరూ ఒప్పుకునేదే.

అయితే ఈ పరిస్థితుల్లో తీయించుకోవడమే మంచిది:

• చిగురు పదే పదే వాచి చీము పట్టడం
• బాగుచేయడానికి వీలులేనంతగా పన్ను పుచ్చిపోవడం
• వాలిన పన్ను వల్ల దాని ముందు పన్ను పుచ్చడం
• పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడడం

మీకు ఎందుకు తీయాలో ఎక్స్‌రే చూపించి చెప్పమని డాక్టరుని అడగండి. అడగడం అమర్యాద కాదు.

వాయిదా వేస్తే ఏమవుతుంది?

పంటి దగ్గరి చీము అక్కడే ఆగుతుందనే భరోసా లేదు. కింది దవడ చివరి పళ్ల నుంచి అది నాలుక కిందికి, గడ్డం కిందికి, మెడలోకి దిగవచ్చు. అప్పుడు మింగుడు పడదు, నాలుక పైకి లేస్తుంది, ఊపిరి అందదు. ఇది ప్రాణం మీదికి వచ్చే స్థితి. షుగరు ఉన్నవారిలో ఇంకా తొందరగా ముదురుతుంది.

ఖర్చు సంగతి కూడా చూడండి. పన్ను తీయించుకుంటే సాధారణంగా ఆ పూటే ఇంటికి వెళ్తారు. చీము మెడలోకి దిగితే ఆసుపత్రిలో చేరాలి, సెలైన్ ద్వారా మందులు ఎక్కించాలి, కోసి చీము తీయాలి, ఒక్కోసారి ఐసీయూ అవసరమవుతుంది. తోడుగా ఉండే మనిషికీ కూలి పోతుంది. మొదట మిగిల్చామనుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు అప్పు తెచ్చి కట్టవలసి వస్తుంది.

ఖర్చును ఎలా సర్దుకోవాలి?

నిటారుగా వచ్చిన పన్నును మామూలుగా పీకడానికి అయ్యే ఖర్చు వేరు. ఎముకలో ఇరుక్కున్న పన్నును చిగురు కోసి, ముక్కలు చేసి తీసే ఖర్చు వేరు. రెండోది మొదటిదానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఒప్పుకునే ముందు ఈ ఐదింటికి విడివిడిగా ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి: డాక్టరు ఫీజు, ఎక్స్‌రే, ఆపరేషన్, మందులు, కుట్లు విప్పే రోజు ఫీజు.

భారం తగ్గించుకునే మార్గాలు ఇవి:

1. హైదరాబాద్, విజయవాడ, కడప నగరాల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడ చాలా తక్కువ ఖర్చుతో తీస్తారు. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటి క్లినిక్‌ల కంటే రుసుము తక్కువే. అక్కడ పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చేస్తారు. కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ఒకటి రెండుసార్లు తిరగవలసి రావచ్చు. ఆ ఓపిక ఉంటే డబ్బు మిగులుతుంది.

2. ఇంట్లో ఎవరికైనా ఈఎస్ఐ కార్డు ఉంటే ముందుగా మీ ఈఎస్ఐ డిస్పెన్సరీలో అడగండి. ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావరకు ప్రమాదం వల్ల తప్ప పంటి వైద్యానికి డబ్బు ఇవ్వవు. పాలసీ కాగితం చదివించుకున్న తరువాతే దానిని నమ్ముకోండి.

3. ఒకే వైపున పైపన్ను, కిందిపన్ను రెండూ తీయవలసి ఉంటే ఒకేసారి తీయవచ్చేమో అడగండి. ఒకే మందుల కోర్సు, ఒకే విశ్రాంతి సరిపోతాయి. రెండో వైపు నమలడానికి మిగులుతుంది.

4. మందులను జనరిక్ పేరుతో రాయమని అడిగి, జన ఔషధి కేంద్రంలో కొనుక్కోండి.

5. పోయే కూలిని కూడా లెక్కలో వేసుకోండి. బరువులు మోసేవారు, ఎండలో పనిచేసేవారు మూడు నాలుగు రోజులు పని మానవలసి ఉంటుంది. నాట్లు, కోతల రోజులు కాకుండా చూసుకొని తేదీ పెట్టుకోండి. చదువుకునే పిల్లలైతే పరీక్షల ముందు పెట్టుకోవద్దు.

డాక్టరుకు దాచకుండా చెప్పవలసినవి

షుగరు, బీపీ, గుండె జబ్బు, గుండె కవాటం మార్పిడి, ఆస్తమా, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఫిట్స్, ఏదైనా మందు పడకపోవడం, గర్భం. వీటిలో ఏది ఉన్నా చెప్పండి. ఎముకల బలానికి వాడే మందులు, క్యాన్సర్ మందుల గురించి కూడా చెప్పండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపవద్దు. గుండె డాక్టరు, పంటి డాక్టరు మాట్లాడుకొని నిర్ణయిస్తారు.

ఆ రోజు ఏం చేస్తారు?

పన్ను చుట్టూ మాత్రమే మత్తు ఇస్తారు గనుక చాలామంది పరగడుపున రానవసరం లేదు. తేలికగా తిని, రోజూ వేసుకునే మందులు వేసుకొని, ఒకరిని తోడు తీసుకొని రండి. పూర్తి మత్తు ఇవ్వాలని చెప్పినవారు మాత్రం ఏమీ తినకుండా రావాలి. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. తరువాత నెట్టినట్లు, లాగినట్లు తెలుస్తుంది గాని నొప్పి ఉండకూడదు. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తండి, మరికొంత మందు వేస్తారు.

కింది జ్ఞాన దంతం వేర్లకు దగ్గరగా పెదవికి, నాలుకకు వెళ్లే నరాలు ఉంటాయి. కొద్దిమందిలో పెదవి లేదా నాలుక కొన్ని వారాలు, నెలలు తిమ్మిరిగా ఉంటుంది. చాలావరకు తగ్గిపోతుంది, అరుదుగా ఉండిపోతుంది. అందుకే ముందు ఎక్స్‌రే తప్పనిసరి.

ఇంటికి వెళ్లాక

మొదటి రోజు: నోట్లో పెట్టిన గాజుగుడ్డను అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టుకోండి. మాటిమాటికీ ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, స్ట్రాతో తాగవద్దు. గుంటలో గడ్డకట్టే రక్తమే పుండుకు మూత, అది ఊడిపోకూడదు. నొప్పి బిళ్ల మత్తు దిగకముందే వేసుకోండి. చెంప మీద బట్టలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీస్తూ ఉండండి. చల్లారిన జావ, పెరుగన్నం, మజ్జిగ తీసుకోండి. తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. ఉమ్ములో కాస్త ఎర్రదనం ఉంటే కంగారు పడవద్దు.

రెండు, మూడు రోజులు: వాపు ఈ రోజుల్లోనే ఎక్కువగా కనబడుతుంది. ఇది సహజం. 24 గంటలు దాటాక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు నాలుగైదు సార్లు నెమ్మదిగా పుక్కిలించండి. మిగతా పళ్లు తోముకోవడం మానవద్దు. మెత్తటి ఇడ్లీ, పప్పన్నం, ఉడికించిన గుడ్డు తినవచ్చు. కారం, పచ్చళ్లు, జంతికలు, వేరుశనగ గింజలు వద్దు.

వారం తరువాత: విప్పవలసిన కుట్లు అయితే డాక్టరు చెప్పిన రోజున విప్పించుకోండి. చిగురు మానడానికి రెండు మూడు వారాలు, లోపలి ఎముక పూడడానికి కొన్ని నెలలు పడుతుంది.

చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా కనీసం వారం రోజులు ముట్టవద్దు. పొగ తాగేవారిలో గుంటలోని గడ్డ ఊడి ఎముక బయటపడే ‘డ్రై సాకెట్’ ఎక్కువ. మూడో రోజుకు తగ్గవలసిన నొప్పి తిరగబెట్టి చెవిదాకా పోటు పెడితే అదేనని అనుమానించి రండి. కడిగి మందు పెడితే ఉపశమనం కలుగుతుంది. మెట్రోనిడజోల్ బిళ్లలు వాడుతున్నవారు మద్యం తాగకూడదు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

• గాజుగుడ్డ మళ్లీ అరగంట కొరికి పట్టినా రక్తం ఆగకపోవడం
• మూడు రోజుల తరువాత వాపు తగ్గకపోగా పెరగడం, జ్వరం, చలి
• మింగలేకపోవడం, గొంతు మారడం, మెడ వాచడం
• ఊపిరి ఆడకపోవడం. ఇలాంటప్పుడు తెల్లారేదాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి.

కొన్ని అపోహలు

పై పన్ను తీస్తే కంటిచూపు తగ్గుతుందా? తగ్గదు. పంటి నరాలు వేరు, చూపునిచ్చే నరం వేరు. నలభై దాటాక చత్వారం రావడం, పళ్లు పోవడం ఒకే వయసులో జరుగుతాయి గనుక ఈ మాట పుట్టి ఉంటుంది.

జ్ఞాన దంతం తీస్తే తెలివి తగ్గుతుందా? పేరులోనే జ్ఞానం, పన్నులో లేదు.

నొప్పి పంటి దగ్గర జర్దా, ఆస్పిరిన్ బిళ్ల పెట్టవచ్చా? వద్దు. చిగురు కాలి మరో పుండు తయారవుతుంది. పోయినసారి మిగిలిన యాంటీబయోటిక్ బిళ్లలు కూడా వేసుకోవద్దు.

ఇంట్లో ఎవరైనా నోరు సగమే తెరుస్తున్నా, ఒక పక్కనే నములుతున్నా గమనించండి. ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లు పిల్లల ఫీజులు, సరుకుల తరువాతే తమ నొప్పి అని ఓర్చుకుంటారు. వారిని కూర్చోబెట్టి అడగండి. వాపు లేని రోజున, చేతిలో కొంచెం డబ్బు ఆడే నెలలో, తీరికగా వచ్చి చూపించుకుంటే పని సులువవుతుంది, ఖర్చూ తగ్గుతుంది.